ఇంట్లో ఫేస్ క్రీమ్: నీళ్ళు కలిపితే ఒక లెక్క, కలపకపోతే ఇంకో లెక్క

తేనెమైనం రెండు చెంచాలు, కొబ్బరినూనె నాలుగు చెంచాలు, కలబంద గుజ్జు అరకప్పు. కరిగించి, గిలక్కొట్టి, డబ్బాలో పోసి పెట్టుకోవడమే. ఈ పద్ధతి మీ కంటపడే ఉంటుంది. మొదటిరోజు తెల్లగా, మెత్తగా, ముద్దొచ్చేలా ఉంటుంది. మూడోరోజుకు అడుగున నీళ్ళు, పైన మైనం ముద్ద తేలతాయి. ఇంకొన్నాళ్ళకు మూత అంచున బూజు చుక్క కనిపిస్తుంది. ఇందులో చేసినవాళ్ళ తప్పేమీ లేదు. ఆ పద్ధతిలోనే రెండు వస్తువులు లేవు. ఒకటి నీటినీ నూనెనూ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫైయర్, రెండోది సూక్ష్మజీవులను పెరగనివ్వని ప్రిజర్వేటివ్.

అందుకే గిన్నె పొయ్యి మీద పెట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మీరు చేయబోయే దాంట్లో నీళ్ళు ఉన్నాయా, లేవా? నీళ్ళంటే మంచినీళ్ళు ఒక్కటే కాదు. కలబంద గుజ్జు, పన్నీరు (గులాబీ నీరు), పాలు, తేనె, పండ్ల రసం, టీ కషాయం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇవేవీ లేకపోతే మీరు చేసేది బామ్. అది సులువు, దానికి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. ఒక్క చెంచా నీటి పదార్థం పడినా అది క్రీమ్ కిందే లెక్క, క్రీమ్ నియమాలన్నీ దానికి వర్తిస్తాయి.

ముందు సులువైనది: నీళ్ళు లేని బామ్

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీంతోనే చెయ్యి తిప్పుకోవడం మంచిది. 100 గ్రాములకు:

బాదం నూనె లేదా పొద్దుతిరుగుడు నూనె – 64.5 గ్రా.
షియా బటర్ (షియా గింజల నుంచి తీసే కొవ్వు) – 25 గ్రా.
తేనెమైనం – 10 గ్రా.
విటమిన్ ఇ నూనె – 0.5 గ్రా.

తేనెమైనం సుమారు 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, ముందు మైనాన్ని కొంచెం నూనెతో కలిపి కరిగించండి. తర్వాత మిగతా నూనె పోయండి. షియా బటర్‌ను చివర్లో వేసి, కరగ్గానే దించేయండి. కాస్త వేడి తగ్గాక విటమిన్ ఇ కలిపి డబ్బాలో పోయాలి. గట్టిదనం ఎలా వస్తుందో ముందే చూసుకోవాలంటే, పొయ్యి మీద ఉండగానే ఒక చుక్కను చల్లటి చెంచా మీద వేసి రెండు నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి, తీసి వేలితో నొక్కండి. గట్టిగా ఉంటే నూనె 5 గ్రాములు పెంచండి, జారుగా ఉంటే మైనం 1–2 గ్రాములు పెంచండి. ఎండాకాలానికి మైనం కొంచెం ఎక్కువే పడుతుంది.

బామ్ చర్మానికి తేమ ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. కాబట్టి ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే బఠాణీ గింజంత రాసుకోవాలి. డబ్బాలో మాత్రం తడివేలు పెట్టకూడదు. ఆ తడితోనే బూజు లోపలికి దారి చేసుకుంటుంది.

అసలు క్రీమ్: ఏది ఎందుకు

ఎమల్సిఫైయర్ అణువుకు ఒక కొన నీటిని ఇష్టపడుతుంది, రెండో కొన నూనెను ఇష్టపడుతుంది. గిలక్కొట్టినప్పుడు నూనె చిన్న చిన్న బిందువులుగా చిట్లితే, ఈ అణువులు ప్రతి బిందువు చుట్టూ పొరలా చేరి వాటిని మళ్ళీ ఒకటి కానివ్వవు. తేనెమైనం ఈ పని చేయదు, చిక్కదనం మాత్రమే ఇస్తుంది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ పేరుతో చెప్పుకునే పాత కోల్డ్ క్రీమ్‌లో ఉన్నవి తేనెమైనం, ఆలివ్ నూనె, పన్నీరు. అందులో నీరు నిలకడగా కలవదు. రాసుకోగానే విడివడి ఆవిరవుతూ చల్లగా తగులుతుంది. ఆ పేరు అలా వచ్చిందే. తర్వాతి కాలంలో దాన్ని నిలకడగా ఉంచడానికి బోరాక్స్ వేసేవారు. అది మైనంలోని ఆమ్లాలతో కలిసి సబ్బులా మారి ఎమల్సిఫైయర్ పని చేస్తుంది. ముఖానికి మాత్రం దాని జోలికి పోకండి. అంతకంటే మంచివి ఇప్పుడు దొరుకుతున్నాయి.

సహజ పదార్థాలతోనే చేయాలనుకునేవారికి ఆలివ్ నూనె నుంచి తయారయ్యే ఎమల్సిఫైయర్ నప్పుతుంది. ప్యాకెట్ మీద సెటియరిల్ ఆలివేట్, సార్బిటాన్ ఆలివేట్ అనే రెండు పేర్లూ కలిసి ఉంటాయి. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ పేరుతో అమ్మే తెల్లటి పలుకులు కూడా బాగా పనిచేస్తాయి, కొత్తవారి పొరపాట్లను మరింత బాగా తట్టుకుంటాయి. కాకపోతే వాటిలో పాలిసార్బేట్ లాంటి కృత్రిమ పదార్థాలు ఉంటాయి కనుక సహజమనే మాటకు కట్టుబడేవారు వాటిని ఒప్పుకోరు. మీ పట్టింపు ఎంతవరకో మీరే తేల్చుకోండి.

ప్రిజర్వేటివ్ దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. అది నూనె పాతబడకుండా చూస్తుంది, బాక్టీరియాను ఏమీ చేయదు. టీ ట్రీ, లావెండర్ నూనెలు ముఖానికి భరించదగిన మోతాదులో క్రీమ్‌ను కాపాడలేవు. కాపాడేంత మోతాదు వేస్తే చర్మం మండిపోతుంది. ఫ్రిజ్ కూడా కొన్ని రోజుల గడువు ఇస్తుంది, అంతే. పైగా బూజు కంటికి కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. బాక్టీరియా రంగూ వాసనా మారకుండానే పెరగగలదు, కళ్ళ దగ్గర రాసుకునే క్రీమ్‌లో అది చిన్న విషయం కాదు. సహజ సౌందర్య సాధనాల ప్రమాణాలు కూడా అనుమతించే మిశ్రమం ఒకటుంది: బెంజైల్ ఆల్కహాల్, డీహైడ్రోఎసిటిక్ యాసిడ్ కలిసినది. ద్రవరూపంలో ఉంటుంది, మోతాదు 0.6 నుంచి 1 శాతం. క్రీమ్ కాస్త ఆమ్లంగా, పీహెచ్ (ఆమ్లతను చూపే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6 కంటే తక్కువగా ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది.

పాళ్ళు (100 గ్రాములకు)

నీటి భాగం:
డిస్టిల్డ్ వాటర్ – 69.3 గ్రా.
గ్లిజరిన్ – 4 గ్రా.
జాంథన్ గమ్ (చిక్కదనమిచ్చే పొడి) – 0.2 గ్రా.

నూనె భాగం:
బాదం లేదా జొజోబా నూనె – 13 గ్రా.
షియా బటర్ – 5 గ్రా.
ఆలివ్ ఎమల్సిఫైయర్ – 5 గ్రా.
సెటిల్ ఆల్కహాల్ – 2 గ్రా.

చల్లారాక కలిపేవి:
ప్రిజర్వేటివ్ – 1 గ్రా.
విటమిన్ ఇ – 0.5 గ్రా.

మొత్తం సరిగ్గా 100 గ్రాములు. అంటే ప్రతి అంకె శాతం కూడా అవుతుంది. 200 గ్రాములు చేయాలంటే అన్నిటినీ రెట్టింపు చేస్తే చాలు. ఏది పెంచినా, ఏది కొత్తగా చేర్చినా ఆ మేరకు నీటిని తగ్గించి మొత్తాన్ని 100కి తేవాలి. సెటిల్ ఆల్కహాల్ పేరు చూసి బెదరకండి. అది చర్మాన్ని ఎండగట్టే స్పిరిట్ కాదు, మైనం లాంటి పదార్థం. క్రీమ్‌కు చిక్కదనం, నునుపు దాని నుంచే వస్తాయి.

చెంచాలతో, కప్పులతో కొలవకండి. 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు ఈ పనికి తప్పనిసరి. ప్రిజర్వేటివ్ అరగ్రాము తగ్గితే క్రీమ్‌కు రక్షణ చాలదు, అరగ్రాము పెరిగితే చర్మానికి మంట. చెంచాకు ఆ తేడా తెలియదు.

త్రాసు కాక కావలసినవి: వేడి తట్టుకునే గాజు బీకర్లు రెండు (స్టీలు గిన్నెలైనా ఫర్వాలేదు), థర్మామీటర్, స్టిక్ బ్లెండర్, సిలికాన్ గరిటె, పీహెచ్ పట్టీలు, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అల్యూమినియం, రాగి పాత్రలు వద్దు.

చేసే తీరు

1. శుభ్రం. పాత్రలు, గరిటె, బ్లెండర్ తల, క్రీమ్ పోసే డబ్బాలు, మూతలు అన్నీ సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఆల్కహాల్ చిమ్మి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే చేసిన పని వృథా. 99 శాతం ఆల్కహాల్ కంటే 70 శాతమే మెరుగు. అందులోని నీటివల్ల అది నెమ్మదిగా ఆరుతుంది, సూక్ష్మజీవిలోకి చొరబడడానికి సమయం దొరుకుతుంది. దగ్గర్లో పొయ్యి వెలుగుతుండగా మాత్రం ఆల్కహాల్ చిమ్మకండి.

2. నీటి భాగం. ముందు జాంథన్ గమ్‌ను గ్లిజరిన్‌లో కలిపి జారుగా చేయండి, తర్వాతే నీళ్ళు పోయండి. గమ్‌ను నేరుగా నీళ్ళలో చల్లితే ఉండలు కడుతుంది. ఆ ఉండలు ఎంత గిలక్కొట్టినా విడవవు. ఇప్పుడు పాత్రతో సహా బరువు తూచి రాసిపెట్టుకోండి.

3. నూనె భాగం అంతా రెండో పాత్రలో వేయండి.

4. రెండు పాత్రలనూ వేడినీళ్ళ గిన్నెలో పెట్టి 70–75 డిగ్రీలకు తెచ్చి, 20 నిమిషాలు అక్కడే ఉంచండి. నూనె భాగం అద్దంలా తేటగా కనిపించాలి, ఒక్క పలుకు కూడా మిగలకూడదు. రెండింటి వేడీ దాదాపు సమానంగా ఉండడం ముఖ్యం. చల్లటి నీళ్ళు తగిలితే కరిగిన ఎమల్సిఫైయర్ పని మొదలుపెట్టకముందే గడ్డకడుతుంది. ఎక్కువ క్రీములు విరిగేది ఇక్కడే. నూనెను నేరుగా మంట మీద పెట్టకండి.

5. నీటి పాత్రను మళ్ళీ తూచండి. ఆవిరై పోయిన తరుగును వేడి డిస్టిల్డ్ వాటర్‌తో భర్తీ చేయండి. ఈ ఒక్క మెట్టు వదిలేసి, క్రీమ్ ప్రతిసారీ ఒక్కో రకంగా వస్తోందని తల పట్టుకునేవారు చాలామంది.

6. నూనె భాగాన్ని నీటి భాగంలోకి సన్నటి ధారగా పోస్తూ కలపండి. పోయడం అయ్యాక బ్లెండర్ తలను పూర్తిగా ముంచి, కాస్త వంచి లోపలి గాలి బయటికి పోయాకే మీట నొక్కండి. 20–30 సెకన్లు బ్లెండర్, తర్వాత ఒక నిమిషం గరిటె, ఇలా మూడు నాలుగుసార్లు. ద్రవం క్షణాల్లో పాలలా తెల్లబడుతుంది. బ్లెండర్‌ను పైకెత్తి తిప్పితే గాలి చేరి నురగ వస్తుంది, ఆ బుడగలు డబ్బాలో కూడా ఉండిపోతాయి. 100 గ్రాములకు వెడల్పాటి గిన్నెలో బ్లెండర్ తల మునగదు. సన్నటి, పొడవాటి పాత్ర వాడండి, లేదా 200 గ్రాములు చేయండి.

7. గది వేడికి వచ్చేదాకా వదిలేయకుండా, రెండు మూడు నిమిషాలకోసారి గరిటెతో కలుపుతూ ఉండండి. చల్లటి నీళ్ళ గిన్నెలో పెడితే తొందరగా చల్లారుతుంది. షియా బటర్‌కు అదే మంచిది కూడా.

8. 40 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్, విటమిన్ ఇ వేసి బాగా కలపండి. అంతకంటే వేడిగా ఉన్నప్పుడు వేస్తే ప్రిజర్వేటివ్‌లో కొంత ఆవిరైపోతుంది. గిన్నె అంచులు గీకి మరీ కలపాలి. ప్రిజర్వేటివ్ అందని మూల ఒక్కటి మిగిలినా చెడడం అక్కడి నుంచే మొదలవుతుంది.

9. పీహెచ్ చూడండి. 1 గ్రాము క్రీమ్‌ను 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పట్టీ ముంచండి. 4.8 నుంచి 5.5 మధ్య ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న ముఖ చర్మం కూడా దాదాపు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఎక్కువగా ఉంటే 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణాన్ని ఒక్కో చుక్క వేసి కలుపుతూ చూడండి. తక్కువగా ఉంటే చాలా పలచటి వంటసోడా ద్రావణం చుక్క చాలు. ఒక్కసారిగా వేశారంటే అటూ ఇటూ ఊగిసలాడుతూనే ఉంటారు.

10. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. వేడిమీద మూత పెడితే లోపల ఆవిరి చెమటలా పట్టి చుక్కలుగా క్రీమ్ మీద పడుతుంది. ఆ చుక్కల్లో ప్రిజర్వేటివ్ ఉండదు. అందాకా శుభ్రమైన టిష్యూ కాగితం కప్పి ఉంచండి.

క్రీమ్ ఇంకా పలచగా ఉందని కంగారుపడి ఆ రోజే మైనం కలపకండి. ఆలివ్ ఎమల్సిఫైయర్‌తో చేసింది పూర్తి చిక్కదనానికి రావడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది.

పాత్రలకు అంటిన మైనాన్ని సింకులో కడగొద్దు, గొట్టంలో గడ్డకడుతుంది. ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేసి, తర్వాత కడగండి.

మీ చర్మానికి తగ్గట్టు మార్చడం

జిడ్డు చర్మమైతే షియా బటర్ 1–2 గ్రాములకు తగ్గించి, నూనె 9–10 గ్రాములు చేసి, ఆ తేడాను నీటితో నింపండి. జొజోబా నిజానికి నూనె కాదు, ద్రవ మైనం. తొందరగా పాతబడదు, జిడ్డుగానూ అనిపించదు. పొడి చర్మమైతే నూనె 16కి, షియా 7కి, ఎమల్సిఫైయర్ 6కి పెంచండి. నూనె పెంచి ఎమల్సిఫైయర్‌ను అలాగే వదిలేస్తే క్రీమ్ విరగడానికి తలుపు తీసినట్టే. మొటిమలు వచ్చేవారు కొబ్బరినూనె మానుకోవడం మేలు, చాలామందికి రంధ్రాలు మూసుకుపోతాయి. బాదం, జీడిపప్పు లాంటి నట్స్ అలెర్జీ ఉన్నవారు బాదం బదులు పొద్దుతిరుగుడు నూనె వాడాలి. రోజ్‌హిప్ నూనె మంచిదే కానీ తొందరగా పాడవుతుంది. 2–3 గ్రాములకు మించకుండా వేసి, చిన్న డబ్బాకు సరిపడా మాత్రమే చేసుకోండి.

గ్లిజరిన్ 4–5 శాతం చాలు. 10 దాటితే ముఖం జిగటగా తయారవుతుంది. సువాసన కోసం ఎసెన్షియల్ ఆయిల్ వేయకపోతేనే మా ఓటు. వేసి తీరాలంటే లావెండర్ 0.2 గ్రా. దగ్గర ఆగండి, గర్భిణులకూ పసిపిల్లలకూ చేసే దాంట్లో అదీ వద్దు.

వేయకూడనివి

నిమ్మరసం పీహెచ్ సుమారు 2. అది చర్మాన్ని కాల్చడమే కాదు, అందులోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే బొబ్బలూ నల్లమచ్చలూ తెస్తాయి. బెర్గమాట్ నూనెతోనూ ఇదే ప్రమాదం. మొక్క నుంచి కోసిన కలబంద గుజ్జు, పాలు, పెరుగు, పండ్ల గుజ్జు సూక్ష్మజీవులకు విందు భోజనం. ఏ ప్రిజర్వేటివ్ కూడా వాటిని ఎక్కువకాలం నెట్టుకురాలేదు. వీటిని అప్పటికప్పుడు కలిపి కడిగేసుకునే పూతకు వాడుకోండి. మొక్క కలబందకు ఇంకో చిక్కుంది: తొక్క కింద కారే పసుపుపచ్చ పాలు చర్మాన్ని దురద పెట్టిస్తాయి. క్రీమ్‌లో కలబంద కావాలంటే ప్రిజర్వేటివ్ కలిపి అమ్మే రసం తీసుకుని, నీటిలో 10–20 గ్రాములకు బదులుగా వేయండి. పసుపు పొడి అడుగున దిగబడుతుంది, దిండు గలీబులకు మరకలు పెడుతుంది.

తేడా కొడితే

విరిగిపోవడం: అడుగున నీళ్ళు దిగితే, లేక పైన నూనె తేలితే మూడు కారణాలు వెతకండి. వేడి చాలకపోవడం, గిలక్కొట్టడం చాలకపోవడం, నూనెకు తగ్గ ఎమల్సిఫైయర్ లేకపోవడం. ప్రిజర్వేటివ్ వేయకముందే గమనిస్తే మళ్ళీ 70 డిగ్రీలకు తెచ్చి, తరుగు పూరించి గిలక్కొట్టవచ్చు. వేశాక విరిగితే పారేయడమే మంచిది. మళ్ళీ వేడి చేస్తే లోపల ఎంత ప్రిజర్వేటివ్ మిగిలిందో లెక్క తెలియదు.

రవ్వరవ్వగా తగలడం: ఇది షియా బటర్ పని. నెమ్మదిగా చల్లారినప్పుడు అందులోని గట్టి కొవ్వులు ముందుగా పేరుకుని గింజలు కడతాయి. బామ్‌లో అయితే మళ్ళీ పూర్తిగా కరిగించి, డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా చల్లార్చండి. ఈ గింజలు హాని చేయవు, రాసుకుంటే కరిగిపోతాయి.

తెల్లగా నురగలా సాగడం: రాసుకున్నప్పుడు సబ్బు రాసినట్టు తెల్లటి చారలు వస్తుంటే సెటిల్ ఆల్కహాల్ ఎక్కువైందని గుర్తు. 2 నుంచి 1కి తగ్గించండి. ముద్దలు ముద్దలుగా ఊడి వస్తుంటే జాంథన్ గమ్ తగ్గించాలి.

వాసన మారడం: పాతబడ్డ నూనె వాసన వస్తే వాడిన నూనె ముందే పాతదై ఉంటుంది. ఏ నూనెనైనా కొలిచే ముందు ఒకసారి వాసన చూసే అలవాటు చేసుకోండి. పులుపు వాసన, రంగు మచ్చలు, ఉన్నట్టుండి పలచబడడం మాత్రం సూక్ష్మజీవుల పనే. పైపొర తీసేసి మిగతాది వాడుకుందామనుకోకండి, డబ్బా మొత్తం పోవాల్సిందే.

వాడే ముందు, వాడుతున్నప్పుడు

ఒక చెంచా క్రీమ్‌ను చిన్న సీసాలో వేరుగా తీసి ఒకరోజు ఫ్రిజ్‌లో, ఒకరోజు వెచ్చటి చోట, ఇలా మూడు విడతలు తిప్పండి. విడిపోకుండా నిలిస్తే మీ ఎమల్షన్ (నీరు, నూనె కలిసిన మిశ్రమం) గట్టిదే. అదే సమయంలో మోచేతి లోపలివైపు చిన్న చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారంపాటు రాసి చూడండి. ఎరుపు, దురద, వాపు కనిపిస్తే వెంటనే కడిగి ఆపేయండి. ఏవీ లేకపోతేనే ముఖానికి.

వెడల్పు మూతి డబ్బా కంటే పంపు సీసా, ట్యూబు మేలు, వేలు లోపలికి పోదు. డబ్బానే అయితే చిన్న గరిటెతో తీసుకోండి. పేరు, చేసిన తేదీ, పాళ్ళు రాసిన చీటీ అంటించి, ఎండ తగలని చల్లటి చోట పెట్టండి. ప్రిజర్వేటివ్ ఉన్న క్రీమ్‌ను మూడు నెలల్లోపు వాడేయాలి. అది లేకుండా చేసి తీరతామంటే రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే చేసి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. నీళ్ళు లేని బామ్, నూనె తాజాదైతే, ఆరు నెలలు ఆగుతుంది.

ఈ క్రీమ్ ఎండ నుంచి కాపాడదు. జింక్ ఆక్సైడ్ పొడి కొని కలిపినా కాపాడదు. ఇంటి బ్లెండర్‌తో పొడి సమంగా పరుచుకోదు, ఎంత రక్షణ వచ్చిందో కొలిచే దారీ లేదు. క్యారెట్ గింజల నూనె, రాస్ప్‌బెర్రీ గింజల నూనె గురించి చెప్పుకునే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణను సూచించే) అంకెల మీద కూడా ఆధారపడకండి. పగటిపూట ముందు ఈ క్రీమ్ పలచగా రాసి, ఐదు నిమిషాలు ఇంకనిచ్చి, దాని మీద పరీక్షించి అమ్మే సన్‌స్క్రీన్ వేసుకోండి.